సంతకం లేని రిపోర్టు

కోర్టులో సాక్షులు చెప్పింది చెప్పినట్టు టైపు చేయడం స్టెనో ఉద్యోగం. ఆమె ఇరవై మూడేళ్ళుగా అదే పని చేస్తోంది. "నాకు బాగా గుర్తుందండీ" అని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పిన మాట, మర్నాడు ఇంకో సాక్షి బోనెక్కగానే నీరుగారిపోవడం ఆమె ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. అయినా అదంతా వేరేవాళ్ళ వ్యవహారం అనుకునేది. తన జ్ఞాపకం మీద తనకి గట్టి నమ్మకం.

విమానం నడపడం ఆమెకి నడివయసులో పట్టుకున్న పిచ్చి. నలభై నాలుగో ఏట నేర్చుకోవడం మొదలుపెట్టి, రెండేళ్ళు తిప్పలుపడి లైసెన్సు తెచ్చుకుంది. మరో ముగ్గురితో కలిసి ఒక పాత రెండు సీట్ల విమానంలో నాలుగో వంతు వాటా కొనుక్కుంది. తెల్లటి విమానం. రెక్క తల పైన ఉంటుంది, నడినెత్తిన కిటికీ అంత గాజు పలక ఉంటుంది. ఆ వాటాదారుల్లో ఒకాయన పళ్ళ డాక్టరు. ఆదివారాలు ఉదయం ఆయన, మధ్యాహ్నం ఈమె అని వాళ్ళ మధ్య ఒప్పందం.

ఊరి చివర ఉన్న ఆ ఎయిర్‌ఫీల్డు చాలా చిన్నది. ఒక రన్‌వే, గాలి ఎటు వీస్తోందో చూపించే గుడ్డ గొట్టం, వరసగా రేకుల షెడ్లు, ఒక పెట్రోలు పంపు, క్లబ్బు గది. అంతే. పెద్ద ఎయిర్‌పోర్టుల్లోలాగా "నువ్వు దిగు, నువ్వు ఆగు" అని చెప్పే టవరు లేదు. పైలట్లే రేడియోలో ఒకరికొకరు చెప్పుకోవాలి. ఫలానా విమానం, ఫలానా చోట ఉన్నాను, దిగబోతున్నాను అని. విన్నవాళ్ళు చూసి తప్పుకోవాలి. అందరూ ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఉన్నంతవరకూ ఈ పద్ధతికి ఢోకా లేదు. అక్కడి నుంచి లేచి చెరువు అవతల గుట్టల వైపు షికారుకి వెళ్ళినప్పుడు ఇంకో ఫ్రీక్వెన్సీకి మారాలి. తిరిగొచ్చేటప్పుడు మళ్ళీ ఫీల్డు ఫ్రీక్వెన్సీకి రావాలి. రేడియో మీద ఒక మీట నొక్కితే సరిపోయే పని.

ఆ నెల మొదటి ఆదివారం స్టెనో తన అత్తగారిని విమానం ఎక్కించింది. ఎక్కించమని అడిగింది అత్తగారే. స్టెనో భర్తకి రెండో అంతస్తు బాల్కనీ నుంచి కిందికి చూస్తేనే కళ్ళు తిరుగుతాయి. ఆయన తల్లికి డెబ్భై మూడేళ్ళు. బెదురు అన్న మాట తెలియని మనిషి. ఆవిడతో వచ్చిన చిక్కల్లా నోరు. నిద్రలో కూడా ఎవరితోనో ఒకరితో మాట్లాడుతూ ఉంటుంది.

"అత్తయ్యా, పైకి వెళ్ళాక మీ ఇష్టం, ఎంతైనా మాట్లాడండి," అని స్టెనో బెల్టు బిగిస్తూ చెప్పింది. "దిగేటప్పుడు మాత్రం నోరు విప్పకూడదు. నా ధ్యాస చెదిరితే ప్రమాదం."

"ఒక్క మాట కూడానా?"

"ఒక్క మాట కూడా. ఇంజను ఆగేదాకా."

అత్తగారు తలూపింది. గుట్టల మీద తిరిగినంతసేపూ ఆవిడ నోరు ఆగలేదు. ఆవిడ కడుపులో తిప్పకుండా ఉండాలని స్టెనో తిరుగు ప్రయాణంలో మలుపులు తగ్గించింది. మామూలుగా అయితే రన్‌వేకి ఒక పక్కన చుట్టు తిరిగి దిగాలి. ఆమె దూరం నుంచే తిన్నగా రన్‌వే వైపు వచ్చేసింది. అది తప్పు కాదు గానీ క్లబ్బులో మెచ్చుకునే పద్ధతి కాదు. చక్రాలు మెత్తగా ఆనాయి. ఇంజను ఆగాక అత్తగారు పట్టి ఉంచిన ఊపిరి వదిలి, దాహమేస్తోందంది. విమానాన్ని షెడ్డులోకి తోసేసి ఇద్దరూ ఇంటికి వచ్చేశారు.

రెండు వారాల తర్వాత శనివారం మధ్యాహ్నం క్లబ్బులో సేఫ్టీ మీటింగు జరిగింది. అది ప్రతి నెలా ఉండేదే. పదిహేను ప్లాస్టిక్ కుర్చీలు, గోడ నిండా మ్యాపు, పళ్ళెంలో బిస్కెట్లు. నడిపేది మాస్టారు. ఆ గదిలో ఉన్నవాళ్ళలో సగం మందికి పైగా ఆయన దగ్గర విమానం నేర్చుకున్నవాళ్ళే. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. విద్యార్థుల్ని ఎక్కించుకోని ఆదివారాల్లో తన సొంత విమానంలో ఒక్కడే గుట్టల వైపు వెళ్ళొస్తుంటాడు. మీటింగులో ఆయన పెట్టిన నియమం ఒకటుంది. ఎవరికైనా గాలిలో ప్రమాదం తప్పిపోతే కాగితం మీద రాసి గుమ్మం పక్కనున్న డబ్బాలో వెయ్యాలి. సంతకం అక్కర్లేదు. ఎవరి తప్పని అడగరు, ఏం జరిగిందని మాత్రమే మాట్లాడుకుంటారు.

ఆ రోజు డబ్బాలో ఒకటే కాగితం ఉంది. మాస్టారు కళ్ళజోడు సర్దుకుని చదివాడు.

"మొదటి ఆదివారం పదకొండున్నరకి నేను ఒంటరిగా దిగడానికి వస్తున్నాను. నాది రెక్క కింద ఉండే విమానం. రేడియోలో మూడుసార్లు చెప్పాను. ఎవరూ పలకలేదు. మూడు వందల అడుగుల ఎత్తులో ఉండగా నా విమానం ముక్కు కింద నుంచి తెల్లటి రెక్క ఒకటి ముందుకు జరగడం చూశాను. నా చక్రాలకీ దానికీ మధ్య నలభై అడుగులు కూడా లేదు. దాని రెక్క పైన ఉంది గనక ఆ పైలట్‌కి నేను కనిపించను. నా రెక్క కింద ఉంది గనక నాకు అది అంతదాకా కనిపించలేదు. ఇంజను పూర్తిగా తెరిచి పైకి లేచిపోయాను. ఆ విమానం ఏమీ ఎరగనట్టు దిగిపోయింది. దాని రేడియో నుంచి ఒక్క మాట రాలేదు."



"పదకొండున్నర అంటే ఏ టైమండీ?" అని వెనక నుంచి ఎవరో అడిగారు. "మన టైమా, లాగ్‌బుక్కులో రాసే ప్రపంచ టైమా?"

మాస్టారు కాగితం వైపు చూశాడు. "రాయలేదు," అన్నాడు.

అక్కడి నుంచి మీటింగు దారి తప్పింది. మన టైమైతే పొద్దున. ప్రపంచ టైమైతే దానికి ఐదున్నర గంటలు కూడి సాయంత్రం ఐదు. ఒకాయన కూడాల్సింది పోయి తీసేసి, తెల్లారి ఆరింటికి అని చెప్పి నవ్వించాడు. ఇంకొకాయన, రేడియో చెడిపోతే ఎవరు మాత్రం ఏం చేస్తారన్నాడు. రేడియో ఉన్నా లేకపోయినా కళ్ళతో చూసుకోవాలన్నది మొదటి రూలు అని మరొకాయన. కనిపించని చోట ఉంటే ఏం చూస్తారు అని మొదటాయన. పళ్ళ డాక్టరు మాత్రం కుర్చీలో బిగుసుకుపోయి వేళ్ళు లెక్కపెట్టుకుంటున్నాడు. ఆయన ఆ ఆదివారం దిగింది పొద్దున్న పదకొండున్నర ప్రాంతంలో.

స్టెనో దిగింది సాయంత్రం ఐదు ప్రాంతంలో. ఆమె చేతిలో సగం కొరికిన బిస్కెట్టు అలాగే ఉండిపోయింది.

ఇంటికి వచ్చి లాగ్‌బుక్కు తీసింది. తేదీ, ఎగిరిన సమయం, "అత్తయ్యతో" అన్న ఒక్క మాట. అంతకుమించి ఏమీ లేదు. రేడియోలో చెప్పానా? చెప్పాను. తన గొంతు తనకి వినిపించినట్టే ఉంది. ఏ ఫ్రీక్వెన్సీలో చెప్పాను? మీట నొక్కానా? నొక్కాను. కళ్ళు మూసుకుంటే చెయ్యి ముందుకు చాపడం, చూపుడువేలు మీట మీద ఆనడం స్పష్టంగా కనబడుతోంది. ఆ చేతికి నీలం చొక్కా. ఆ రోజు వేసుకున్నది అదేనా? గబగబా ఫోన్‌లో ఆ రోజు ఫోటో వెతికింది. విమానం ముందు అత్తగారు, పక్కన తను. తను వేసుకున్నది గళ్ళ చొక్కా.

అంటే తనకి గుర్తున్న చెయ్యి ఇంకేదో ఆదివారానిది. ఎన్ని ఆదివారాలు ఆ మీట నొక్కిందో. అన్నీ ఒకదాని మీద ఒకటి పేరుకుపోయి, పైనున్నది పైకి వస్తోంది. ఆ ఒక్క ఆదివారం నొక్కిందో లేదో చెప్పడానికి తన దగ్గర ఏ ఆధారమూ లేదు.

వంటింట్లో అత్తగారు ఉల్లిపాయలు తరుగుతూ రేడియోతో మాట్లాడుతోంది. స్టెనో వెళ్ళి గోడకి ఆనుకుని నిలబడింది.

"అత్తయ్యా, ఆ రోజు మనం దిగేముందు నేను రేడియో మీద మీట నొక్కడం చూశారా?"

"నువ్వు ఎన్ని నొక్కావో, ఎన్ని తిప్పావో నాకేం తెలుసు. నేను బయటికి చూస్తున్నా." ఆవిడ కత్తి ఆపింది. "ఆ రెండో విమానం మాత్రం భలే దగ్గరగా వచ్చింది కదూ."

స్టెనోకి మొదట అర్థం కాలేదు. "ఏ రెండో విమానం?"

"మన నెత్తి మీద. ఆ గాజులోంచి చూశా. కడుపు కనబడింది, రెండు చక్రాలు కనబడ్డాయి, ఒక చక్రానికి గడ్డిపరక కూడా చుట్టుకుని ఉంది. చెయ్యి ఊపాను. వాళ్ళు చూసినట్టు లేదు, పైకి వెళ్ళిపోయారు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వేగా నోరు విప్పొద్దన్నావు." అత్తగారు అమాయకంగా కోడలి మొహంలోకి చూసింది. "పైన ఒకటి కింద ఒకటి రావడం అక్కడ మామూలే అనుకున్నా. బస్టాండులో రావూ అలాగ."

స్టెనో అక్కడే ఉన్న స్టూలు మీద కూలబడింది. ఆవిడ ఎంత చెప్పినా వినదని ఇరవయ్యేళ్ళుగా విసుక్కుంది. జీవితంలో ఒక్కసారి, ఒక్క మాట, అక్షరం పొల్లుపోకుండా విన్నది. తప్పు ఆవిడదా? కాదు. అలా చెప్పిన తనదా? దిగేటప్పుడు కబుర్లు చెప్పకూడదన్నది నిజంగానే మంచి రూలు. మాస్టారు మొదటి రోజే నేర్పిన రూలు.

అత్తగారికి సంగతి చెప్పలేదు. చెబితే భయపడుతుందని కాదు, వీధంతా చెబుతుందని.

సోమవారం కోర్టులో ఒక స్కూటరు ప్రమాదం కేసు. "మీరు చూశారా, చూశానని అనుకుంటున్నారా?" అని లాయరు సాక్షిని నిలదీశాడు. సాక్షి నీళ్ళు నమిలాడు. స్టెనో వేళ్ళు టైపు మీద ఆగిపోయాయి. జడ్జిగారు కళ్ళజోడు మీదుగా చూసేదాకా ఆమె తేరుకోలేదు.

బుధవారం సగం రోజు సెలవు పెట్టి ఫీల్డుకి వెళ్ళింది. మాస్టారికి చెప్పేద్దామని. కింద ఉన్నది నేనే, నేనే రేడియో మార్చడం మర్చిపోయి ఉంటాను, లైసెన్సు మీద ఏం రాస్తారో రాయండి అని దారంతా మనసులో వాక్యాలు కూర్చుకుంది. మాస్టారు ఎవరికో పాఠం చెబుతూ గాలిలో ఉన్నాడు. పెట్రోలు పంపు దగ్గర పంపు ఆయన ఒక్కడే ఉన్నాడు, బకెట్టులో ఫిల్టరు కడుగుతూ. పంపు మీద ఎప్పటిలాగే ఆయన చిన్న చేతి రేడియో గరగరమంటోంది. విమానం వస్తోందని తెలిస్తే గొట్టం సిద్ధం చేసుకోవచ్చని అది రోజంతా ఫీల్డు ఫ్రీక్వెన్సీ మీద పెట్టుకుంటాడు.

ఆ రేడియో చూడగానే స్టెనోకి తట్టింది.

"అన్నా, మొన్న మొదటి ఆదివారం సాయంత్రం ఉన్నారా ఇక్కడ?"

"లేకపోతే ఎక్కడికి పోతానమ్మా. మీ అత్తగారు నాకు దండం కూడా పెట్టింది."

"నేను దిగేటప్పుడు నా గొంతు ఇందులో వినబడిందా?"

ఆయన ఫిల్టరు విదిలించాడు. "వినబడకేం. దూరంగా ఉన్నప్పుడు ఒకసారి, దగ్గరికొచ్చాక రెండుసార్లు. మీరు కోర్టులో చదివినట్టు చదువుతారుగా, ఎవరికి తెలియదు."

స్టెనో ఛాతీ మీద నుంచి పెద్ద బండ తీసేసినట్టయింది. ఒక్క క్షణమే. "మరి ఇంకెవరి గొంతైనా వినబడిందా?"

పంపు ఆయన ఫిల్టరుని గుడ్డ మీద పెట్టి, చేతులు తుడుచుకుని, రన్‌వే వైపు ఒకసారి చూశాడు.

"లేదమ్మా. మీరు దిగారు, వెళ్ళిపోయారు. ఓ పావుగంటకి మాస్టారు దిగారు. గొంతు వినబడలేదు. రేడియో పోయిందేమో, చూసుకుంటారులే అనుకున్నా."

"మాస్టారా?"

"ఆ రోజు సాయంత్రం గాలిలో ఉన్నది మీ ఇద్దరే."

"మరి ఆయనకి చెప్పలేదా?"

"మాస్టారికా? నేనా?" అని ఆయన నవ్వాడు. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

స్టెనో క్లబ్బు మెట్ల మీద కూర్చుంది. వచ్చేటప్పుడు కూర్చుకున్న వాక్యాలన్నీ పనికిరాకుండా పోయాయి. పైనున్నది మాస్టారు. ఆ కాగితం రాసింది మాస్టారు. పదకొండున్నర ఏ టైమో తెలిసీ "రాయలేదు" అన్నది మాస్టారు. ఇప్పుడు ఏం చెప్పాలి? కింద ఉన్నది నేనని ఒప్పుకుంటే సగం నిజం. మీ గొంతు ఎవరికీ వినబడలేదంటే మిగతా సగం. ఆయన తనకి కుడీ ఎడమా నేర్పిన మనిషి. పంపు ఆయన విన్నదీ నిజమేనని ఎవరన్నారు? రెండున్నర వారాల కిందటి మాట. ఆయన చేతికీ ఏ చొక్కా ఉందో.

మాస్టారు దిగి, విద్యార్థిని పంపించి, షెడ్డు వైపు వస్తూ ఆమెని చూసి ఆగాడు.

"ఏమ్మా, బుధవారం వచ్చావు?"

"మాస్టారూ, ఆ తెల్ల విమానం నాది. కింద ఉన్నది నేను."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "పళ్ళ డాక్టరు నిన్న వచ్చి కింద ఉన్నది తనే అన్నాడు," అన్నాడు చివరికి. "వాడు పొద్దున ఎగిరాడని చెప్పినా వినలేదు. నీకెలా తెలుసు నువ్వేనని?"

"మా అత్తగారు చూశారు. ఒక చక్రానికి గడ్డిపరక చుట్టుకుని ఉందట."

మాస్టారు పక్కనున్న డ్రమ్ము మీద కూర్చున్నాడు. "ఆ గడ్డి నేనే పీకాను, దిగాక," అన్నాడు నెమ్మదిగా. "ఆ కాగితం నాది. వెంటనే దిగలేక చెరువు మీద నాలుగు చుట్లు కొట్టి అప్పుడు దిగాను. కింద ఎవరున్నారో తెలుసుకోవాలనుకోలేదు. తెలిస్తే తిడతాను. తిడితే రేపటి నుంచి ఆ డబ్బాలో ఎవరూ కాగితం వెయ్యరు." కాస్త ఆగి అడిగాడు. "రేడియోలో ఎందుకు చెప్పలేదమ్మా?"

"చెప్పాను మాస్టారూ."

"చెబితే నాకు వినబడేది."

"చెప్పాననే అనుకుంటున్నాను. కానీ నా గుర్తు మీద నాకు నమ్మకం పోయింది. అందుకే పంపు దగ్గర అడిగాను." ఆమె పంపు వైపు చూసింది. "నా గొంతు వినబడిందట. మీది వినబడలేదట."

మాస్టారి మొహంలోకి కోపం రాలేదు. అది వచ్చినా స్టెనోకి తేలిగ్గా ఉండేది. ఆయన దారి తెలియని ఊళ్ళో బస్సు దిగిన మనిషిలా చూశాడు.

"నేను మార్చాను," అన్నాడు. "గుట్టలు దాటగానే మార్చాను. నా వేలికి తెలుసు."

ఈ మాట ఆమె ఇరవై మూడేళ్ళుగా టైపు చేస్తోంది. మీ రేడియో ఒకసారి చూద్దాం రండి అంది.

ఇద్దరూ వెళ్ళి ఆయన విమానంలో కూర్చున్నారు. మాస్టారు కరెంటు స్విచ్చి వేశాడు. రేడియో మీద రెండు అంకెలు వెలిగాయి. ఎడమవైపుది ఇప్పుడు వాడుతున్నది, కుడివైపుది సిద్ధంగా ఉన్నది. మధ్యలో మీట. నొక్కితే ఇది అటు, అది ఇటు మారాలి. ఆయన నొక్కాడు. మారాయి.

"చూశావా," అన్నాడు.

మళ్ళీ నొక్కాడు. మారాయి. మూడోసారి నొక్కినప్పుడు అంకెలు ఒక్కసారి రెప్పవేసినట్టు కదిలి, ఉన్నచోటే ఉన్నాయి. ఆయన వేలు మీట మీదే ఉంది.

"మీరు రెండుసార్లు నొక్కారా?"

"ఒక్కసారే నొక్కాను."

మీట అరిగిపోయింది. ఒకసారి నొక్కితే ఒక్కోసారి రెండుసార్లు నొక్కినట్టు పనిచేస్తోంది. అంకె మారినట్టే మారి వెనక్కి వస్తోంది. కళ్ళు బయట పెట్టి వేలితో నొక్కేవాడికి అది తెలియదు. స్టెనో లెక్కపెట్టమంది. పదిసార్లు నొక్కితే మూడుసార్లు వెనక్కి వచ్చింది. ఇంకో పదిసార్లు నొక్కితే ఒక్కసారే వచ్చింది.

"అయితే ఆ ఆదివారం ఏది?" అని మాస్టారు అడిగాడు. ఆమెనో, రేడియోనో తెలియదు.

 ఆయన స్విచ్చి ఆపేసి చీకటిపడ్డ అంకెల వైపు చూస్తూ ఉండిపోయాడు. "నెల రోజులుగా గాలిలో సందడి తగ్గిందనుకుంటున్నాను. ఆదివారాలు ఎవరూ ఎగరడం లేదు, హాయిగా ఉంది అని మా ఆవిడతో కూడా అన్నాను. నాకు వినబడకపోవడం వల్లేమో అన్న ఆలోచనే రాలేదు. పిల్లలకి మాత్రం మీట నొక్కాక అంకె చూడండిరా అని రోజూ చెబుతాను."

"నేను మాత్రం? చుట్టు తిరక్కుండా తిన్నగా వచ్చాను. చుట్టు తిరిగి ఉంటే మీరు కనబడేవారు."

"తిన్నగా రావడం తప్పు కాదు."

"రైటూ కాదుగా మాస్టారూ."

ఆయన తలుపు తెరిచి కిందికి దిగాడు.

ఆ సాయంత్రం క్లబ్బు గదిలో ఇద్దరూ కూర్చుని రెండో రిపోర్టు రాశారు. స్టెనో టైపు చేసింది. జీవితంలో మొదటిసారి తన సొంత మాట తను టైపు చేస్తుంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. మాస్టారు "తప్పు నాది" అని మొదటి వాక్యం రాయమన్నాడు. ఆమె ఒప్పుకోలేదు, అది తెలిసిన విషయం కాదంది. మీట అరిగిందని తెలుసు. ఆ రోజు వెనక్కి వచ్చిందని తెలియదు. తన గొంతు పంపు దగ్గర వినబడిందని ఒక మనిషి చెప్పాడని తెలుసు. తను పైకి చూసిందో లేదో తెలియదు. ఇలా ఒక్కొక్క వాక్యం దగ్గరా కీచులాడుకుంటూ వెళితే, ఒకటిన్నర పేజీలో "తెలియదు" అన్న మాట ఏడుసార్లు వచ్చింది.

"ఇది చదివాక నా దగ్గర నేర్చుకోవడానికి ఎవడైనా వస్తాడంటావా?" అన్నాడు మాస్టారు, సంతకం పెట్టడానికి కలం తీసి.

"తెలియదు మాస్టారూ," అంది స్టెనో. ఆయన పెద్దగా నవ్వి సంతకం పెట్టాడు. ఆమె కింద తనది పెట్టింది.

తర్వాతి శనివారం ప్రత్యేకంగా మీటింగు పిలిచి ఆ రిపోర్టు ఆయనే చదివాడు.  తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడారు. మాస్టారిది తప్పు కాదు, మీటదే తప్పు అని కొందరు. మీటకి లైసెన్సు ఎవరిచ్చారు అని ఒకాయన. పంపు ఆయన గుమ్మం దగ్గర నిలబడి నేల చూపులు చూస్తున్నాడు. మాస్టారు ఆయన్ని లోపలికి పిలిచి, ఇకమీదట గొంతు వినబడకుండా విమానం దిగితే అది ఎవరిదైనా సరే పైలట్‌ని ఆపి అడగాలని అందరి ముందూ చెప్పాడు. దిగేటప్పుడు పక్క సీటువాళ్ళు మాట్లాడకూడదన్న రూలుని, ఇంకో విమానం కనబడితే తప్ప అని మార్చారు. స్టెనో దాన్ని బోర్డు మీద రాసింది. రాశాక, పక్షి కనబడితేనో అని ఎవరో అడిగారు. దాని మీద ఇంకో అరగంట నడిచింది.

మాస్టారు రేడియో బాగుచేయించాడు. తన దగ్గర నేర్చుకుని ఇప్పుడు పరీక్షలు పెట్టే స్థాయికి వెళ్ళిన ఒక పాత శిష్యుణ్ణి పిలిచి, మూడుసార్లు పక్కన కూర్చోబెట్టుకుని ఎగిరి చూపించి, అప్పుడు మళ్ళీ పాఠాలు మొదలుపెట్టాడు. విద్యార్థుల్లో ఇద్దరు మానేశారు. కొత్తగా ఒకావిడ చేరింది. మానేసినవాళ్ళు దీనివల్లే మానేశారో లేదో ఎవరికీ తెలియలేదు.

ఆ ప్రత్యేక మీటింగు రోజు అందరూ వెళ్ళాక స్టెనో, పళ్ళ డాక్టరు తమ విమానాన్ని షెడ్డులోకి తోయడానికి వెళ్ళారు. ఆయన రెక్క కింద కడ్డీ పట్టుకుని తోయకుండా నిలబడ్డాడు.

"స్టెనోగారూ, ఒక మాట అడుగుతాను. ఆ సాయంత్రం ఉన్నది మీరు, మాస్టారు. తేలిపోయింది. బావుంది. మరి పొద్దున నాకేమైంది?"

"మీకేమైంది డాక్టరుగారూ?"

"ఆ పొద్దున దిగుతుంటే నా ఒళ్ళో ఒక నీడ పడింది. మోకాళ్ళ మీద నుంచి అలా పాకి వెళ్ళిపోయింది. మబ్బు అనుకున్నాను. మొదటి రిపోర్టు చదివినప్పుడు అది గుర్తొచ్చే మాస్టారి దగ్గరికి పరిగెత్తాను. ఆ రోజు మబ్బు లేదు, వాతావరణం రికార్డు తీసి చూశాను."

"నీడ చూశారని గట్టిగా గుర్తుందా?"

డాక్టరు ఆలోచించాడు. "మీటింగుకి ముందు గుర్తుందా అంటే చెప్పలేను. ఆ తర్వాత నుంచి మాత్రం రోజూ కనబడుతోంది."

స్టెనో షెడ్డు చూరు వైపు, అక్కడి నుంచి ఖాళీగా ఉన్న ఆకాశం వైపు చూసింది. ఆ పొద్దున ఎవరెవరు ఎగిరారో పంపు ఆయన్ని అడగొచ్చు. పక్క ఊరి నుంచి వచ్చి దిగకుండా వెళ్ళినవాళ్ళు ఉంటే ఆయనకీ తెలియదు.

"రాసి డబ్బాలో వెయ్యండి," అంది.

"ఏమని? నీడ చూశాననా, చూశానో లేదో తెలియదనా?"

"రెండూ రాయండి."

డాక్టరు సరేనని తలూపి, కడ్డీ మీద బలం వేశాడు. ఆమె రెండో వైపు నుంచి తోసింది. విమానం మెల్లగా వెనక్కి కదిలి షెడ్డులోకి వెళ్ళింది. తలుపు మూశాక ఆయన కలం కోసం జేబులు తడుముకుంటూ క్లబ్బు గది వైపు నడిచాడు.